అప్పులవాళ్ళకు భయపడి ఊళ్ళు తిరిగిన సుప్రీంకోర్టు జడ్జి: జేమ్స్ విల్సన్

పుస్తకాల_పురుగు:
అందరికీ నమస్కారం. వారం రోజులుగా ఒక మనిషి గురించి చదువుతున్నాను. ఇంట్లో చెప్పబోతే టీవీ సౌండు పెంచుతున్నారు, అందుకని ఇక్కడికి తెచ్చాను.

1789లో అమెరికా సుప్రీంకోర్టు ఏర్పడినప్పుడు జార్జ్ వాషింగ్టన్ ఆరుగురు జడ్జీలను వేశాడు. వాళ్ళలో ఒకాయన జేమ్స్ విల్సన్. స్కాట్లండ్‌లోని ఫైఫ్ ప్రాంతంలో 1742లో పుట్టిన రైతు బిడ్డ. సెయింట్ ఆండ్రూస్‌లో చదువుకుని 1765లో అమెరికా ఓడెక్కాడు. ఫిలడెల్ఫియాలో జాన్ డికిన్సన్ అనే పేరున్న లాయరు దగ్గర జూనియర్‌గా చేరి, ఆ తర్వాత రెడింగ్, కార్లైల్ లాంటి చిన్న ఊళ్ళలో బోర్డు పెట్టుకుని బాగానే నిలదొక్కుకున్నాడు. 1776లో స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం పెట్టాడు, 1787లో రాజ్యాంగం మీద పెట్టాడు. ఈ రెండిటి మీదా సంతకాలున్నవాళ్ళు మొత్తం ఆరుగురే.

అలాంటి మనిషి 1798 ఆగస్టులో, నార్త్ కరోలినాలోని ఈడెంటన్ అనే రేవు ఊళ్ళో, ఒక పూటకూళ్ళ ఇంట్లో చనిపోయాడు. అప్పటికే అప్పు కింద రెండుసార్లు జైలుకు వెళ్ళొచ్చాడు. విచిత్రం ఏమిటంటే పోయేనాటికి కూడా ఆయన సుప్రీంకోర్టు జడ్జే. రాజీనామా చేయలేదు, ఎవరూ తీసేయలేదు.

ఇంత చదువుకున్నవాడు ఇలా ఎలా మునిగాడు? బెజవాడ వకీలు గారు కనిపిస్తే ఇంకో ప్రశ్న: జైల్లో ఉన్న జడ్జికి కుర్చీ ఎలా మిగిలింది?

కడియం_నర్సరీ:
భూములు కొని ఉంటాడు. ఇంకేం చదవక్కర్లేదు.

పుస్తకాల_పురుగు:
అన్నా, నేను మూడొందల పేజీలు చదివి తెలుసుకున్నది ఒక్క ముక్కలో తేల్చేశావు.

బెజవాడ_వకీలు:
కుర్చీ సంగతి ముందు చెప్తాను. అక్కడి రాజ్యాంగం ప్రకారం ఫెడరల్ జడ్జి నడవడిక సరిగ్గా ఉన్నంతకాలం పదవిలో ఉంటాడు. తీసేయాలంటే దిగువ సభ అభియోగం మోపాలి, సెనేట్ విచారించి మూడింట రెండొంతుల మెజారిటీతో దోషి అని తేల్చాలి. వేరే దారి లేదు. విల్సన్ పోయేదాకా ఆ దారిలో ఏ జడ్జినీ సాగనంపలేదు. మొదట అలా పదవి పోగొట్టుకున్న జడ్జి న్యూ హ్యాంప్‌షైర్‌కు చెందిన జాన్ పికరింగ్, అది 1804లో. తాగి కోర్టుకొస్తున్నాడనీ, మతి నిలకడగా లేదనీ గొడవ. మరుసటి ఏడు సుప్రీంకోర్టు జడ్జి శామ్యూల్ చేజ్ మీద కూడా విచారణ జరిగింది కానీ ఆయన బయటపడ్డాడు. అప్పు తీర్చకపోవడం నేరమూ కాదు, రాజద్రోహమూ కాదు. కాబట్టి విల్సన్‌ను కదిపే తలనొప్పి ఎవరూ పెట్టుకోలేదు.

ఇంకో మాట. మన వైపు ఎవరైనా మునిగితే "ఐపీ పెట్టేశాడు" అంటాం కదా, ఆ అవకాశం ఆయనకు లేదు. అమెరికాలో దేశమంతటికీ వర్తించే మొదటి దివాలా చట్టం 1800లో వచ్చింది, ఈయన పోయిన రెండేళ్ళకు. అప్పటిదాకా అప్పిచ్చినవాడు కోర్టు నుంచి కాగితం తెచ్చుకుంటే బాకీదారుడిని జైల్లో పెట్టించొచ్చు. బాకీ తీరేదాకా, లేదా అప్పిచ్చినవాడు మెత్తబడేదాకా లోపలే. లోపలుంటే సంపాదన లేదు, సంపాదన లేకపోతే బాకీ తీరదు.

మన దగ్గర అది పూర్తిగా పోయిందనుకోకండి. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇప్పటికీ ఉంది. డిక్రీ వచ్చాక ఈపీ (డిక్రీ అమలు చేయించమనే పిటిషన్) వేసి అరెస్టు అడగొచ్చు. కాకపోతే 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ దానికి ముకుతాడు వేశారు. చేతిలో డబ్బుండి ఎగ్గొడుతున్నాడని తేలాలి, ఊరికే లేనివాడిని లోపలేయకూడదు అని. ఆ తీర్పు నా క్లయింట్లలో ఒక ముగ్గురినైనా ఇంటిదగ్గర ఉంచింది.

లెక్కల_మాస్టారు:
మునిగిన తీరు నేను చెప్తాను, ఇది నా సబ్జెక్టు.

యుద్ధం అయిపోయాక పడమటి వైపు లక్షల ఎకరాల అడవి అమ్మకానికి వచ్చింది. చేతిలో కొంచెం పెట్టుకుని మిగతాది వాయిదాల మీద, కాకపోతే ప్రామిసరీ నోటు మీద కొనొచ్చు. ఆ కాగితాన్ని ఇంకో చోట తాకట్టు పెట్టి ఇంకో అడవి కొనొచ్చు. మనవాళ్ళ భాషలో అగ్రిమెంట్ మీద అగ్రిమెంట్. నమ్మకం అంతా ఒక్కదాని మీదే: యూరప్ నుంచి జనం ఓడల్లో దిగుతారు, ఎకరానికి రెండింతలిచ్చి కొంటారు అని. విల్సన్ ఇలినాయ్-వాబాష్ అనే భూముల కంపెనీకి ప్రెసిడెంటు కూడా. జార్జియాలో యాజూ భూముల పంచాయితీ అని పెద్ద కుంభకోణం ఒకటుంది, అందులోనూ వాటా ఉంది.

అయితే యూరప్‌లో ఫ్రాన్సుతో యుద్ధాలు ముదిరాయి. రావలసిన జనం రాలేదు, డబ్బు అసలే రాలేదు. 1797 ఫిబ్రవరిలో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ నోటుకు బంగారం ఇవ్వడం ఆపేసింది. ఆ దెబ్బ ఫిలడెల్ఫియాను తాకింది. నోటు చేతిలో ఉన్న ప్రతివాడూ ఒకేసారి తలుపు తట్టాడు.

సుప్రీంకోర్టు జడ్జి జీతం ఏడాదికి 3,500 డాలర్లు. ఒక్క పియర్స్ బట్లర్‌కే ఆయన బాకీ 1,97,000 డాలర్లు. ఒక్క పైసా తినకుండా జీతమంతా కట్టినా, వడ్డీ వదిలేసి, యాభై ఆరేళ్ళు పడుతుంది. ఎనిమిదో తరగతి పిల్లలకు లెక్కగా ఇచ్చాను, ఒకడు లేచి "సార్, ఆయనకు అంత అప్పు ఎవరిచ్చారు సార్?" అన్నాడు. జవాబు: జడ్జి అని చూసి ఇచ్చారు.

ఓరుగల్లు_సుధ:
అందరూ అప్పుల దగ్గరే ఆగిపోయారు. అప్పులు లేని అంతమంది పెద్దమనుషుల పేర్లు మనకెవరికీ గుర్తులేవు కదా, ఈయన్ని ఎందుకు తలుచుకుంటున్నామో కూడా చెప్పుకోవాలి.

1787 రాజ్యాంగ సభలో విల్సన్ 168 సార్లు లేచి మాట్లాడాడు. గవర్నర్ మోరిస్ ఒక్కడే ఆయన కంటే ఎక్కువ (ఇక్కడ గవర్నర్ అనేది పదవి కాదు, మనిషి పేరే, నేను కూడా మొదట తికమక పడ్డాను). ప్రెసిడెంటును నేరుగా జనమే ఎన్నుకోవాలని అన్నది విల్సన్. ఆ రోజుల్లో అది పిచ్చి మాట. అక్కడున్న చాలామందికి జనం అంటేనే భయం. సెనేటును కూడా జనమే ఎన్నుకోవాలన్నాడు. అది 1913లో గాని జరగలేదు. జనం ఓటు అనే మాట నెగ్గేలా లేదని చూసి, పోనీ మధ్యలో ఎలెక్టర్లను (జనం తరఫున ప్రెసిడెంటును ఎన్నుకునేవాళ్ళను) పెడదాం అని రాజీ ప్రతిపాదన తెచ్చిందీ ఆయనే. ఇప్పుడు ప్రతి నాలుగేళ్ళకు మన వాట్సాప్ గ్రూపుల్లో తిట్టుకునే ఎలెక్టోరల్ కాలేజీ మొలక అదే.

ముసాయిదా రాసిన ఐదుగురి కమిటీలో ఆయనున్నాడు. ఆయన చేతిరాతలో ఉన్న ముసాయిదా "వియ్ ద పీపుల్ ఆఫ్ ద స్టేట్స్ ఆఫ్ న్యూ హ్యాంప్‌షైర్..." అంటూ రాష్ట్రాల పేర్లన్నీ వరసగా చదువుతుంది. తర్వాత ఇందాకటి మోరిస్ ఆ జాబితా కొట్టేసి "యునైటెడ్ స్టేట్స్" అని మిగిల్చాడు. చివరి రోజు, సెప్టెంబర్ 17న, ముసలి బెంజమిన్ ఫ్రాంక్లిన్‌కు నిలబడి చదివే ఓపిక లేకపోతే ఆయన ప్రసంగం చదివి పెట్టింది కూడా విల్సనే.

అయితే ఆయన మెడకు ఇంకొకటి కూడా వేలాడుతుంది. రాష్ట్రాలకు సీట్లు పంచేటప్పుడు బానిసల్ని జనాభా లెక్కలో ఐదింట మూడు వంతుగా లెక్కించే ప్రతిపాదన జూన్ 11న సభ ముందు పెట్టింది ఈయనే. జనమే సార్వభౌములు అన్న నోటితోనే. దీన్ని పక్కన పెట్టి పొగడటం నా వల్ల కాదు.

బెజవాడ_వకీలు:
సుధ గారి మాటకు అడ్డు చెప్పను. ఒక్కటి మాత్రం, దక్షిణాది రాష్ట్రాలు సభ వదిలి పోతాయన్న భయంతో చేసిన బేరం అది.

ఓరుగల్లు_సుధ:
బేరమే. సరుకు ఎవరన్నదే కదా ప్రశ్న.

డెలావేర్_తీరం:
మాకు ఫిలడెల్ఫియా అరగంట దూరం. థర్డ్, వాల్నట్ వీధులు కలిసే మూల మీదుగా ఎన్నిసార్లు వెళ్ళానో. అక్కడే విల్సన్ ఇల్లు ఉండేది. దానికి "ఫోర్ట్ విల్సన్" అని పేరు ఎలా వచ్చిందో చెప్తాను, ఎవరూ ఎత్తలేదు కాబట్టి.

1779 అక్టోబర్ 4. ఊళ్ళో ధరలు మండిపోతున్నాయి, నోట్లకు విలువ లేదు. సరుకు దాచేస్తున్నారని వ్యాపారుల మీద మిలీషియా కుర్రాళ్ళు రగిలిపోతున్నారు. విల్సన్ మీద ఇంకో కోపం: బ్రిటిష్‌వాళ్ళకు సాయం చేశారని రాజద్రోహం కేసులు పడ్డవాళ్ళ తరఫున కోర్టులో వాదించాడు. ఆయుధాలతో గుంపు బయల్దేరింది. విల్సన్, ఇరవై ముప్ఫై మంది స్నేహితులు ఇంట్లో దూరి తలుపులు బిగించుకున్నారు. గుంపు దాదాపు ఇల్లు దాటి పోయింది. అప్పుడు క్యాంప్‌బెల్ అనే కెప్టెన్ పైఅంతస్తు కిటికీ తెరిచి ఏదో అరిచాడు. కాల్పులు మొదలయ్యాయి. క్యాంప్‌బెల్ అక్కడే పోయాడు, వీధిలోనూ కొందరు పోయారు. గుంపు తలుపు బద్దలుకొట్టే సమయానికి రాష్ట్ర పెద్ద జోసెఫ్ రీడ్ గుర్రపు దళంతో వచ్చి పడ్డాడు, లేకపోతే మన చర్చ ఇక్కడితో ఆగిపోయేది. విల్సన్ కొన్నాళ్ళు ఊరొదిలి వెళ్ళాల్సి వచ్చింది. తర్వాత రెండు పక్షాలకూ క్షమాభిక్ష పెట్టి ఫైలు మూసేశారు.

నాకు ఇందులో నచ్చేది ఏమిటంటే, ఎనిమిదేళ్ళ తర్వాత జనానికే నేరుగా ఓటు ఇవ్వాలని వాదించినవాడు ఈ మనిషే. తన ఇంటి మీదికి తుపాకులతో వచ్చిన జనం సంగతి తెలిసి కూడా.

లెక్కల_మాస్టారు:
ఇది నాకు తెలియదు. బాగుంది.

బెజవాడ_వకీలు:
జడ్జిగా ఆయన రాసిన వాటిలో ఒక్కటి చాలు, 1793 నాటి చిజమ్ వర్సెస్ జార్జియా. రాబర్ట్ ఫార్కర్ అనే సౌత్ కరోలినా వ్యాపారి యుద్ధకాలంలో జార్జియాకు సరుకు అరువిచ్చాడు. డబ్బు రాకుండానే పోయాడు. ఆయన వీలునామా బాధ్యత మోస్తున్న చిజమ్ సుప్రీంకోర్టుకు వచ్చాడు. జార్జియా అసలు హాజరే కాలేదు. మేము సార్వభౌమ రాష్ట్రం, మమ్మల్ని ఎవడో ఒకడు కోర్టుకు ఈడుస్తాడా అని.

దావా చెల్లుతుందని నలుగురు జడ్జీలు ఒక వైపు, చెల్లదని ఐర్‌డెల్ అనే జడ్జి ఒక్కడు ఒక వైపు. విల్సన్ అసలు ప్రశ్ననే తిప్పేశాడు. ఈ దేశ ప్రజలంతా కలిసి ఒక జాతి అవుతారా లేదా, తేలాల్సింది అదీ అన్నాడు. రాజ్యాంగానికి సార్వభౌముడు అనే మాటే తెలియదు అన్నాడు. ఒక్క మనిషి తన మాటకు కట్టుబడాలన్నప్పుడు, అలాంటి మనుషులు కలిసి పెట్టుకున్న రాష్ట్రం ఎందుకు కట్టుబడక్కర్లేదు? ఇదీ వాదన. పాఠం చెప్పినట్టు ఉంటుంది తీర్పు. ఆయన నిజంగానే పాఠాలు చెప్పాడు లెండి, 1790 డిసెంబర్‌లో ఫిలడెల్ఫియా కాలేజీలో న్యాయశాస్త్రం మొదటి ఉపన్యాసానికి ప్రెసిడెంటు వాషింగ్టన్ కూడా వచ్చి కూర్చున్నాడు.

తీర్పు వచ్చాక జార్జియా దిగువ సభ ఒక బిల్లు పాస్ చేసింది: ఈ తీర్పు అమలు చేయడానికి వచ్చినవాడిని ఉరి తీయాలి అని! పై సభలో అది నిలవలేదు. కానీ మిగతా రాష్ట్రాలకూ తమ పాత బాకీలు గుర్తొచ్చాయి. 1795 ఫిబ్రవరికల్లా రాష్ట్రాల మీద ఇలాంటి దావాలను ఆపే పదకొండో రాజ్యాంగ సవరణ ఖాయమైంది, తీర్పు గాలికి పోయింది.

మన దగ్గర విల్సన్ మాటే కొంతవరకు గెలిచిందనాలి. మన రాజ్యాంగం ఆర్టికల్ 300 ప్రకారం రాష్ట్రం మీద దావా వేయొచ్చు. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 80 కింద రెండు నెలల నోటీసు ఇవ్వాలనుకోండి. డిక్రీ వచ్చాక ప్రభుత్వం నుంచి డబ్బు రాబట్టడం ఇంకో పెద్ద కథ, అది వేరే చర్చ పెడితే చెప్తాను, బీపీ మాత్ర వేసుకుని.

కడియం_నర్సరీ:
ఎవడి బాకీ వాడు కట్టాల్సిందేనని రాష్ట్రానికి చెప్పినవాడు, తను మాత్రం కట్టలేదన్నమాట.

మా నాన్న ఒక చీటీల ఆయన దగ్గర నాలుగేళ్ళు కట్టాడు. ఆయనా పెద్దమనిషే, గుళ్ళో ముందు వరసలో కూర్చునేవాడు. ఒక ఉదయం ఇంటికి తాళం. తర్వాత ఐపీ నోటీసు వచ్చింది, మా నాన్న పేరు నలభై మూడో నంబరు. అక్క పెళ్ళి ఏడాది వాయిదా పడింది. ఆయన మీద జాలి పడాలని ఎవరైనా చెప్తే నాకు తిక్కరేగేది. ఇప్పుడు ఈ విల్సన్ కథ చదువుతుంటే ఆ తాళం లోపల వాళ్ళు ఎలా ఉన్నారో అని మొదటిసారి అనిపించింది. జాలి మాత్రం ఇంకా లేదు.

పుస్తకాల_పురుగు:
తాళం లోపలి సంగతి కొంచెం చెప్తాను అన్నా.

మొదటి భార్య రేచల్ 1786లో పోయింది, ఆరుగురు పిల్లలు. అప్పట్లో సుప్రీంకోర్టు జడ్జీలు ఏడాదికి రెండుసార్లు గుర్రం మీదో బండి మీదో ఊళ్ళు తిరిగి సర్క్యూట్ కోర్టులు నడపాలి. అలా 1793లో బోస్టన్ వెళ్ళినప్పుడు హానా గ్రే అనే అమ్మాయిని చూశాడు. ఆమెకు 19, ఆయనకు యాభై దాటాయి. ఆ ఏడే పెళ్ళి. ఒక కొడుకు పుట్టి పసివాడుగానే పోయాడు.

1797లో న్యూ జెర్సీలోని బర్లింగ్టన్‌లో మొదటి అరెస్టు. కొడుకు బర్డ్ విడిపించాడు. అక్కణ్ణుంచి దక్షిణానికి పరారై ఈడెంటన్ చేరాడు. ఎందుకు ఈడెంటన్? చిజమ్ కేసులో ఆయనకు ఎదురు తీర్పు రాసిన ఐర్‌డెల్ ఊరు అది. అక్కడా వదల్లేదు. పియర్స్ బట్లర్ కాగితం పంపించి మళ్ళీ లోపల వేయించాడు. ఈ బట్లర్ ఎవరనుకున్నారు? రాజ్యాంగం కింద విల్సన్‌తో పాటు సంతకం పెట్టినవాడు! అడవి జంతువును వేటాడినట్టు నన్ను వేటాడుతున్నారని విల్సన్ ఒక ఉత్తరంలో వాపోయాడు.

బయటికి వచ్చాక హార్నిబ్లో పూటకూళ్ళ ఇంట్లో గది. వేసవిలో మలేరియా పట్టుకుంది. కాస్త తేరుకున్నాక పక్షవాతం. హానా పక్కనే ఉండి రాత్రింబగళ్ళు చూసుకుంది, ఆమెకు అప్పుడు ఇరవై నాలుగు. ఆగస్టు 21న పోయాడు. ఐర్‌డెల్ ఇంటివాళ్ళే ఆమెను చేరదీశారు. ఐర్‌డెల్ బావమరిది శామ్యూల్ జాన్‌స్టన్ తన తోటలో పాతిపెట్టడానికి చోటిచ్చాడు. లక్షల ఎకరాల కాగితాలు పెట్టుకున్న మనిషికి ఆరడుగుల నేల కూడా ఇంకొకరిదే.

ఓరుగల్లు_సుధ:
హార్నిబ్లో అన్న పేరు ఎక్కడో విన్నాననుకుని వెతికాను. ఆ కుటుంబం చేతిలో మోలీ హార్నిబ్లో అనే ఆమె బానిసగా ఉండేది. ఆమె మనవరాలు హ్యారియట్ జేకబ్స్ 1813లో ఈడెంటన్‌లోనే పుట్టింది. యజమాని వేధింపులు పడలేక పారిపోయి, అమ్మమ్మ ఇంటి అటక మీద, నిలబడటానికి కూడా ఎత్తు లేని చోట దాదాపు ఏడేళ్ళు దాక్కుంది. తర్వాత ఉత్తరాదికి తప్పించుకుని తన కథ తనే రాసింది.

ఐదింట మూడు వంతుల లెక్క సభలో పెట్టిన పెద్దమనిషి, ఆ లెక్కలోకి వచ్చే మనుషులు వండి వడ్డించిన ఇంట్లోనే కన్ను మూశాడు. దాక్కునే కథలు ఆ ఊళ్ళో రెండు. ఒక్కదానికే నేవీ ఓడ వచ్చింది (ఆ సంగతి డెలావేర్ గారు చెప్తారేమో).

లెక్కల_మాస్టారు:
ఇంతకీ ఆయన దగాకోరా, మూర్ఖుడా? నా ఓటు మూర్ఖుడికే. దగా చేసేవాడు తన వాటా ముందే దాచుకుంటాడు. ఈయన భార్యకు ఏమీ మిగల్చలేదు.

బెజవాడ_వకీలు:
భూముల కంపెనీలో వాటాలుండి, అలాంటి వివాదాలు వచ్చే కోర్టులో కూర్చోవడాన్ని ఏమంటారు మాస్టారూ? అప్పట్లో దాన్ని తప్పుపట్టే రూలు లేదన్న మాట నిజమే. అయినా ఆయనకు తెలియదా? చీఫ్ జస్టిస్ పదవి నాకివ్వమని 1789లో వాషింగ్టన్‌కు స్వయంగా ఉత్తరం రాసుకున్నాడు. వాషింగ్టన్ దాన్ని జాన్ జేకు ఇచ్చాడు. మళ్ళీ ఖాళీ అయితే 1796లో ఆలివర్ ఎల్స్‌వర్త్‌కు వెళ్ళింది. ఫిలడెల్ఫియాలో అందరికీ ఆయన లెక్కలు తెలుసు.

కొసరుగా ఒకటి. విల్సన్ ఖాళీ చేసిన కుర్చీలోకి వచ్చింది బుష్‌రోడ్ వాషింగ్టన్, జార్జ్ వాషింగ్టన్ తమ్ముడి కొడుకు. ఈ కుర్రాడు లా నేర్చుకున్నది విల్సన్ దగ్గరే. ఫీజు వంద గినీలు. పెదనాన్న దగ్గర చేతిలో రొక్కం లేక ప్రామిసరీ నోటు రాసిచ్చాడు!

కడియం_నర్సరీ:
ఊరంతా నోట్ల మీదే బతికిందన్నమాట. పాపం ఒక్కడికే చుట్టుకుంది.

లెక్కల_మాస్టారు:
ఒక్కడికి కాదు. నేను మొదట్లో చెప్పాల్సింది. రెండు పత్రాల మీదా సంతకం పెట్టిన ఆ ఆరుగురిలో రాబర్ట్ మోరిస్ (ఇందాకటి గవర్నర్ మోరిస్ కాదు, వేరే మనిషి) కూడా ఉన్నాడు. స్వాతంత్ర్య యుద్ధానికి డబ్బు సమకూర్చిన మహా ధనవంతుడు. అదే భూముల పిచ్చి. 1798 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియా బాకీదారుల జైల్లో పడ్డాడు, వకీలు గారు చెప్పిన 1800 చట్టం పుణ్యమా అని 1801లో బయటికొచ్చాడు. ఆరుగురిలో ఇద్దరు అప్పుకింద జైలు. మూడింట ఒకరు.

డెలావేర్_తీరం:
ఓడ సంగతి. 1906లో, అంటే 108 ఏళ్ళ తర్వాత, విల్సన్ ఎముకలను ఈడెంటన్ నుంచి నేవీ ఓడలో ఫిలడెల్ఫియాకు తెచ్చారు. సుప్రీంకోర్టు జడ్జీలు వచ్చారు, ఉపన్యాసాలు ఇచ్చారు. సెకండ్ స్ట్రీట్‌లో క్రైస్ట్ చర్చి ఆవరణలో, మొదటి భార్య రేచల్ పక్కన పెట్టారు.

పోయిన అక్టోబర్‌లో మా అత్తగారు వస్తే లిబర్టీ బెల్ చూపించి, అక్కణ్ణుంచి నడిపించుకెళ్ళాను. గోడవార చిన్న చోటు. ఎవరూ లేరు. రాబర్ట్ మోరిస్ కూడా అదే ఆవరణలో ఉన్నాడు మాస్టారూ, నాలుగు అడుగుల్లో ఇటు నుంచి అటు వెళ్ళొచ్చు. మూడు వీధుల అవతల ఆ చర్చివాళ్ళదే ఇంకో శ్మశానంలో ఫ్రాంక్లిన్ సమాధి. అక్కడ మాత్రం జనం. పొదుపు గురించి చెప్పాడని వచ్చినవాళ్ళంతా ఆయన రాయి మీద పెన్నీలు విసురుతారు. రాయి మీద రాగి రంగు చిల్లర పరుచుకుని ఉంది. మా అత్తగారు మన గుళ్ళో హుండీ అనుకుని రెండు వేశారు.

కడియం_నర్సరీ:
ఫ్రాంక్లిన్‌కు ఎందుకండీ చిల్లర? ఈసారి వెళ్తే ఆ రెండూ విల్సన్ మీద వేయమనండి. బట్లర్ బాకీలో 1,96,999 డాలర్ల 98 సెంట్లు మిగుల్తాయి.